ముగ్గురు మస్కటీర్లా, తుపాకీ వీరులా?

సందేహం: అలెగ్జాండర్ డ్యూమాస్ ఫ్రెంచి నవలను మా బడి పిల్లలకోసం చిన్న కథగా రాస్తూ పేరు దగ్గరే ఆగిపోయాను. 'మూడు మస్కటీర్స్', 'ముగ్గురు మస్కటీర్స్', 'ముగ్గురు తుపాకీ వీరులు'... వీటిలో ఏది సరైనది? రచయిత డ్యూమానా, డ్యూమాసా?

సమాధానం: ముందు 'మూడు' కొట్టేయండి. మూడు మస్కటీర్స్ అంటే కొట్లో మూడు ప్యాకెట్లు అడిగినట్టుంటుంది. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, ముగ్గురు, నలుగురు అనే అంటాం కదా.

ఇక 'మస్కటీర్స్'. పేరు వరకు ఎలాగో నెట్టుకురావచ్చు. కథలోకి దిగాక 'మస్కటీర్స్‌లలో ఒకడు' అని రాయాల్సి వస్తుంది, బహువచనం మీద బహువచనం. ఫ్రెంచిలో 'మూస్కెతేర్', ఇంగ్లీషులో మస్కటీర్. ఫ్రెంచి 'వొలొంతేర్' కూడా ఇలాగే ఇంగ్లీషులో వాలంటీర్ అయింది. మనం రోజూ వాలంటీర్లు, వాలంటీర్లకు అంటూనే ఉన్నాం. అదే దారిలో మస్కటీర్లు, మస్కటీర్లలో.

మరి అనువదిస్తే? మస్కెట్ అంటే పాతకాలపు పొడవాటి తుపాకి, కాబట్టి తుపాకీ వీరులు అన్నది తప్పేమీ కాదు. కానీ మస్కటీరు అనేది ఒక కొలువు. 1622లో ఫ్రాన్స్ రాజు 13వ లూయీ తన అశ్వదళాల్లో ఒకదానికి మస్కెట్లు ఇచ్చి ఈ దళాన్ని ఏర్పరచాడు. 'వీరుడు' అంటే అది పొగడ్త, ఉద్యోగం కాదు. 'భటుడు' అంటే వాళ్ల స్థాయి తగ్గిపోతుంది, వీళ్లు పెద్దింటి బిడ్డలు. పైగా నవల నిండా కత్తియుద్ధాలే. లా రొషెల్ ముట్టడిలో పందెం కట్టి, శత్రువుల తుపాకుల ఎదుట ఒక బురుజులో కూర్చుని టిఫిన్ చేస్తారు చూడండి, అక్కడికి కూడా సొంత మస్కెట్లు తెచ్చుకోరు! ముందురోజు రాత్రి చనిపోయిన సైనికుల తుపాకులే వాడతారు. పేరులో తుపాకి పెడితే పిల్లలు మొదటి పేజీ నుంచీ కాల్పులకోసం ఎదురుచూస్తారు. కాబట్టి 'ముగ్గురు మస్కటీర్లు' అనే ఉంచి, ఆ మాట అర్థం కథలో ఒక్క వాక్యంలో చెప్పేయండి.

తుపాకి అన్న మాట మరీ వదులుకోలేకపోతే ఆ ముగ్గురిలో ఒకడైన పోర్తోస్ ఉన్నాడు. ముందు వైపు బంగారు జరీ మెరిసే కత్తిపట్టా, వెనక వట్టి తోలు. అది కనబడకుండా జలుబు వంకతో పైన అంగీ కప్పుకుంటాడు. పైన పటారం, లోన లొటారం! తుపాకి రాముడు అనే మన మాట ఇతనికి అతికినట్టు సరిపోతుంది.

రచయిత పేరు డ్యూమా. చివరి 'స్' రాతలోనే ఉంటుంది, పలకరు. ముగ్గురు మస్కటీర్ల పేర్లయిన ఆతోస్, పోర్తోస్, అరామిస్‌లలో మాత్రం పలుకుతారు. ఇక్కడ ఒకే సూత్రం పట్టుకుంటే ఇబ్బందే. మీరు అడగలేదు గానీ, కథానాయకుడి పేరునూ 'డి ఆర్టగ్నన్' అని రాయకండి. ఫ్రెంచిలో 'ద' అంటే 'ఫలానా చోటి' అని. దాని తర్వాత అచ్చు వస్తే, మన ఉత్వసంధిలో 'రాముడు' చివరి ఉకారం పోయి 'రాముడతడు' అయినట్టే, 'ద'లోని అచ్చు పోయి మాట కలిసిపోతుంది: దార్తన్యాన్. హల్లు వస్తే కలవదు. అందుకే మస్కటీర్ల నాయకుడు 'ద త్రెవీల్'.