పెరటి కోడిపిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే ఏం చేయాలి?

మీవి రెండు నెలల వనరాజా (పెరటి పెంపకం కోసం రూపొందించిన కోడి రకం) పిల్లలు పన్నెండు. సంతలో కొన్న నాలుగు నాటు పిల్లలను వాటిలో కలిపినప్పటి నుంచి ఒక పుంజుపిల్ల అన్నింటినీ తరుముతోందని, కొత్తవాటిలో ఒకదానికి తోక మొదట్లో ఈకలు ఊడి చర్మం కనిపిస్తోందని రాశారు. పెరట్లో కోళ్లు పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను, ముందు ఆ పిల్లను చేతిలోకి తీసుకుని చూడండి. రక్తం చెమ్మ ఉంటే రేపటిదాకా ఆగవద్దు. ఎర్రటి మచ్చ కనబడితే అంతవరకు ఊరుకున్న పిల్లలు కూడా వచ్చి పొడుస్తాయి, పేగులు కూడా బయటికి లాగేస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లతో గాయం కడిగి, వేపనూనెలో పసుపు కలిపి రాయండి. ఈగలు కూడా వాలవు.

తర్వాత ఆ పిల్లను ఇంట్లోకి తీసుకుపోకండి. కోళ్ల గంప కింద పెట్టి, ఆ గంపను మిగతావి తిరిగే చోటే ఉంచండి, లోపలే నీళ్లు, మేత పెట్టండి. కళ్ల ముందు ఉన్నంతకాలం గుంపు దాన్ని తనదిగానే చూస్తుంది. కొన్నాళ్లు కనబడకుండా పోయి తిరిగి వస్తే పరాయిదే, మళ్లీ మొదటి నుంచి దెబ్బలు తినాలి. తరిమే పుంజుపిల్ల విషయంలో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా చేయాలి. దాన్ని మిగతావాటికి కనబడని చోట మూడు నాలుగు రోజులు ఉంచండి. ఈలోగా మిగిలినవి తమలో తాము పెద్దా చిన్నా వరుస సర్దుకుంటాయి. తిరిగి వచ్చేసరికి దాని స్థానం దానికి ఉండదు. చాలామంది దెబ్బలు తిన్నదాన్ని దూరం చేసి కొట్టేదాన్ని గుంపులోనే వదిలేస్తారు. నాకు అది అన్యాయమే కాదు, పని చేయని పద్ధతి అని కూడా గట్టిగా అనిపిస్తుంది.

కాస్త పొడుచుకోవడం మాత్రం సహజమే. కోళ్లలో పెద్దా చిన్నా వరుస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల తొలినాళ్లలోనే రాశారు, ఆయన చిన్నప్పటి నుంచి ఇంటి కోళ్లను గమనించిన మనిషి. మీ పిల్లల వయసు సరిగ్గా ఆ వరుస కుదిరే వయసు. తల మీద ఒక పోటు వేసి, అవతలిది తప్పుకోగానే ఊరుకుంటే మీరు కలగజేసుకోవద్దు. తోక దగ్గర, వీపు మీద ఈకలు పీకి తింటున్నాయంటే అది వరుస కోసం కాదు. మేతలోనో గూటిలోనో లోపం ఉంది.

మేత ఏం పెడుతున్నారో మీరు రాయలేదు. నూకలు, తవుడు మాత్రమే అయితే కారణం అక్కడే ఉండొచ్చు. ఈక దాదాపు అంతా మాంసకృత్తులే, ఈ వయసులో పాత ఈకలు రాలి కొత్తవి వస్తుంటాయి. నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం చుట్టూ ఉంటాయి, పెరిగే పిల్లకు అందుకు రెట్టింపు కావాలి. వేరుశనగ చెక్క కలిపితే కొంత మేలు. అయితే ఈక పెరగడానికి కావలసిన మిథియోనిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) అందులో తక్కువ, నువ్వుల చెక్కలో ఎక్కువ. రెండూ కలిపి పెట్టండి, బూజు వాసన వచ్చిన చెక్క మాత్రం వద్దు. ఉప్పు వేయని ఎండుచేపల పొడి, చెదపురుగులు దొరికితే ఇంకా మంచిది. మేత తొట్టి ఒక్కటే ఉంటే ఆ పుంజు దాని దగ్గరే కాపలా కాస్తుంది కాబట్టి రెండు మూడు చోట్ల, ఒకదానికొకటి కనబడకుండా పెట్టండి.

రాత్రి గూటిలో ఈ వయసు పిల్లకు కనీసం ఒక చదరపు అడుగు ఉండాలి, పెద్దయ్యాక రెండు. గూటిలో రాత్రంతా తెల్ల బల్బు వెలుగుతుంటే తీసేయండి, ఈకలు వచ్చిన పిల్లలకు ఆ వేడి అక్కర్లేదు. వెలుగు ఎక్కువైనా, ఉక్కపోసినా పోట్లాటలు పెరుగుతాయి. పగలు తోటకూర కట్టనో మునగ రెమ్మలనో మెడ చాస్తే అందేంత ఎత్తులో వేలాడదీయండి. బూడిద, ఇసుక కలిపిన గుంత ఒకటి ఉంటే పొర్లుతూ పొద్దుపుచ్చుతాయి, పేలు కూడా తగ్గుతాయి.

ముక్కు కోయమని ఎవరైనా చెబితే వినకండి. ముక్కు కొనలో నరాలుంటాయి, బ్లేడుతో కోస్తే పిల్ల మేత ఏరుకోలేక చిక్కిపోతుంది.

సంత నుంచి తెచ్చినవాటిని ఇకమీదట రెండు మూడు వారాలు విడిగా ఉంచాకే కలపండి, కొక్కెర తెగులు అనే అంటువ్యాధి భయం కూడా ఉంది. కలిపేటప్పుడు చీకటి పడ్డాక, ఒక్కొక్కటిగా కాకుండా అన్నింటినీ ఒకేసారి గూటిలోకి వదలండి. ఆ నాలుగింటిలో అసీల్ (పందెం కోడి) జాతి పోలికలు కనిపిస్తే, అంటే పొడవు కాళ్లు, నిటారు మెడ ఉంటే, పుంజులు ఎదిగేకొద్దీ ఏ ఉపాయానికీ లొంగవు. వాటికి వేరే గూడు ఇప్పుడే చూసుకోండి.