చూపు లేనివాళ్ళు ఎవరి సాయం లేకుండా ఆన్‌లైన్ పరీక్ష రాసేలా సాఫ్ట్‌వేర్ చెయ్యడం అంత కష్టమా?

కష్టం కాదండీ, చెయ్యరంతే. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాదు, ఆర్‌పీ (రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు) వల్ల చూపు పోయి, నంద్యాలలో కోచింగ్ తీసుకుని బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి, కాబట్టి నాకు తెలిసిందంతా అక్కడ తెలిసిందే.

మా కోచింగ్ వాళ్ళకి సొంత మాక్ టెస్ట్ సైట్ ఉండేది, ఫీజులోనే కలిపి ఇచ్చారు. హాస్టల్ రూంలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఎన్‌వీడీఏ ఆన్ చేసి (స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఇది, పూర్తిగా ఫ్రీ, ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు) టెస్ట్ స్టార్ట్ కొట్టాను. ‘ఫిఫ్టీ నైన్ మినిట్స్ ఫిఫ్టీ ఎయిట్ సెకండ్స్’ అంది. సరేలే టైమర్ కదా అనుకుని ప్రశ్న మీదకెళ్తే ‘ఎ ట్రైన్ టూ హండ్రెడ్...’ అని మొదలెట్టి, మధ్యలో ఆపేసి మళ్ళీ ‘ఫిఫ్టీ నైన్ మినిట్స్...’ అందుకుంది. సెకనుకోసారి ఇదే వరస. ఆ రైలు పొడవెంతో తెలీదు, స్పీడెంతో తెలీదు, టైం ఎంత మిగిలిందో మాత్రం భేషుగ్గా తెలుస్తోంది. పోనీ ఆప్షన్లకి పోదామంటే ‘రేడియో బటన్ నాట్ చెక్డ్’ అని నాలుగుసార్లు అంటుంది, ఏ బటన్ ఏ జవాబుదో చెప్పదు.

నా తిప్పలు చూసి రూమ్మేట్ ‘ఇట్లియ్యి అన్నా’ అని లాప్‌టాప్ లాక్కున్నాడు. బీటెక్ చదివినోడు. ఎఫ్12 కొట్టి పేజీ వెనక కోడ్ తెరిచి, టైమర్ కోడ్‌లో ఆరియా-లైవ్ (మారినప్పుడల్లా స్క్రీన్ రీడర్ చదవాలా వద్దా అని చెప్పేది) అన్నచోట అసర్టివ్, అంటే మధ్యలో ఆపైనా వెంటనే చదువు, అని ఉంటే దాన్ని చెరిపి ఆఫ్ అని పెట్టాడు. అంతే, నోరు మూసుకుంది. రైలు ప్రశ్న మొత్తం విన్నాను. కానీ పేజీ మళ్ళీ లోడైతే మళ్ళీ మొదటికే, ప్రతి టెస్టుకీ వాణ్ణి నిద్ర లేపాల్సొచ్చేది పాపం. వాడు చెప్పిందేంటంటే, దానికి టైమర్ అని రోల్ ఒక్కటి రాస్తే చాలంట, అడిగితే తప్ప మాట్లాడకుండా ఊరుకోవడమే దాని డిఫాల్ట్. అంటే ఇక్కడ ఎవరో పనిగట్టుకుని దాని చేత మాట్లాడించారు! యాక్సెసిబిలిటీ (దివ్యాంగులు కూడా వాడగలిగేలా చెయ్యడం) అని ఎక్కడో విని ఓ ముక్క అతికించి, స్క్రీన్ రీడర్‌తో ఒక్కసారైనా నడిపి చూడలేదు.

ఆఫీసుకెళ్ళి చెప్తే అక్కడి సార్ ‘నీకు పరీక్షలో స్క్రైబ్ ఉంటాడు గదా నాయనా, ఇదంతా నీకెందుకు?’ అన్నాడు. స్క్రైబ్ అంటే ప్రశ్న చదివి వినిపించి, మనం చెప్పిన జవాబు పెట్టేవాడు. అసలు రోగం ఇదేనండీ. స్క్రైబ్‌ని పెట్టుకోనిచ్చాం కదా, ఇంక సాఫ్ట్‌వేర్ ఎలా ఏడిస్తే ఏం అని అందరి ధీమా. స్క్రైబ్‌ని వెతుక్కునేది మళ్ళీ మనమే, పరీక్ష రోజు పొద్దున వాడికి జ్వరమొస్తే మన ఏడాది గోవిందా. పైగా నాకు రాసిన పిల్లాడు ‘రూట్ ఎక్స్ ప్లస్ ఫోర్’ అని గడగడా చదివేవాడు, ఆ ఫోర్ రూట్ లోపల ఉందా బయట ఉందా నాయనా అని అడిగితే ‘పక్కనుంది అన్నా’ అనేవాడు. అదే లెక్కని బొమ్మగా కాకుండా మ్యాథ్‌ఎంఎల్‌లో (వెబ్ పేజీలో లెక్కలు రాసే కోడ్) పెడితే రూట్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో స్క్రీన్ రీడరే చెప్తుంది.

ఇంకోటి, బ్యాంకు పరీక్షల్లో మొదటి అంచె అయిన ప్రిలిమ్స్ 100 ప్రశ్నలు 60 నిమిషాలు. స్క్రైబ్ ఉన్నవాళ్ళకి గంటకి 20 నిమిషాలు అదనం, అంటే 80. మరి మాక్ టెస్టేమో 60కే ఠక్కున సబ్మిట్ అయిపోతుంది, టైం పెంచుకునే సెట్టింగే లేదు. రేపు 80 నిమిషాలు రాయబోయేవాడు రోజూ 60కి ప్రాక్టీస్ చేసి ఏం లాభం?

నన్ను ఎక్కువ మండించేది కీబోర్డ్. డబ్ల్యూసీఏజీ అని వెబ్‌కి ఉన్న ప్రమాణాల్లో, 2008లో వచ్చిన 2.0 నుంచీ, మౌస్‌తో చేసే ప్రతి పనీ కీబోర్డ్‌తోనూ అవ్వాలని ఉంది, అదీ అన్నిటికన్నా కింది మెట్టులో. మన దగ్గర చాలా ఆన్‌లైన్ పరీక్షల్లో మొదటి సూచనే ‘కీబోర్డ్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే లాక్ అవుతుంది’. కాపీ కొట్టకుండా అంట. కాపీ కొట్టేవాడి కోసం అందరి చేతులూ కట్టేస్తే, మౌస్ బాణం ఎక్కడుందో కనపడనివాడు ఏం చెయ్యాలి? పక్కన ప్రశ్న నంబర్ల పెట్టె ఉంటుంది చూడండి, రాసింది ఆకుపచ్చ, వదిలేసింది ఎరుపు. నాకు వినపడేది ‘ఫోర్టీన్ బటన్, ఫిఫ్టీన్ బటన్’. రంగు ఒక్కదానితోనే విషయం చెప్పొద్దని కూడా అదే 2.0లో ఉంది.

తెలుగు ప్రశ్నల సంగతి అడగొద్దు. ఇప్పటికీ యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి బొమ్మలుగా అతికించేవాళ్ళున్నారు, స్క్రీన్ రీడర్‌కి అది ‘గ్రాఫిక్’. తెలుగు మీడియంలో చదివినోడికి ఇంగ్లీషే దిక్కు.

చట్టం లేదా అంటే 2016 నుంచీ దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి రూల్స్ మూడు నెలల్లో పెట్టండని 2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది కూడా. కానీ కోచింగ్ సెంటర్ దాకా అది వచ్చేసరికి మనం రిటైరవుతాం.

అందుకని ఎక్కడైనా చేరేముందు డెమో టెస్ట్ అడగండి. చూపున్నవాళ్ళైనా సరే, మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, బాణం కీలతో ఒక్క ప్రశ్నకి జవాబు పెట్టి నెక్స్ట్‌కి వెళ్ళగలరేమో చూడండి. వెళ్ళలేకపోతే ఫీజు కట్టొద్దు. ‘అప్‌డేట్ వస్తుంది సార్’ అంటారు, నాకూ అదే చెప్పారు. నేను ఉద్యోగంలో చేరి ప్రొబేషన్ కూడా అయిపోయింది, ఇంకా రాలేదు.