పాఠకుల ప్రశ్నలు: హోరు లేని రాక్

ప్రశ్న: 1993 ప్రాంతంలో మా వీధికి కేబుల్ కొత్తగా వచ్చినప్పుడు ఎంటీవీలో ఒక పాట తరచుగా వేసేవారు. రహదారి మీద కార్లన్నీ ఆగిపోయి ఉంటాయి, లోపల కూర్చున్నవాళ్ల మనసులోని మాటలు తెర మీద అక్షరాలుగా కనబడతాయి, చివరికి అందరూ కార్లు దిగి నడిచి వెళ్లిపోతారు. అది ఆర్.ఇ.ఎం. బృందం పాడిన ‘ఎవ్రిబడీ హర్ట్స్’ అనీ, ‘ఆటోమాటిక్ ఫర్ ద పీపుల్’ అనే ఆల్బంలోదనీ ఈ మధ్యనే తెలిసి, ఆల్బం మొత్తం రెండుసార్లు విన్నాను. బాగుంది. కానీ దీన్ని రాక్ అని ఎందుకంటారో, అందులోనూ ఆల్టర్నేటివ్ రాక్‌కు మేలిబంతిగా ఎందుకు చెబుతారో అర్థం కాలేదు. కొన్ని పాటల్లో డ్రమ్ముల జాడే లేదు.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: డ్రమ్ముల జాడ లేదని మీరు గమనించారు చూడండి, ఆ ఆల్బం గొప్పతనమంతా అక్కడే ఉంది. ముందుగా పేరు సంగతి చూద్దాం. ఆల్టర్నేటివ్ అన్నది మొదట్లో ఫలానా రకం చప్పుడుకు పెట్టిన పేరు కాదు, పాట జనానికి చేరే దారికి పెట్టిన పేరు. పెద్ద కంపెనీలూ పెద్ద రేడియో స్టేషన్లూ పట్టించుకోని బృందాలను అమెరికాలో విశ్వవిద్యాలయాల విద్యార్థులు నడుపుకునే కాలేజీ రేడియోలు వినిపించేవి. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అలాంటి విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడి రికార్డుల దుకాణంలో పనిచేసే పీటర్ బక్‌కూ, ఆ దుకాణానికి వచ్చిపోయే మైకేల్ స్టైప్‌కూ స్నేహం కుదిరింది. మైక్ మిల్స్, బిల్ బెర్రీ వచ్చి కలిశారు, ఆర్.ఇ.ఎం. తయారైంది. 1980 ఏప్రిల్‌లో వాళ్ల మొదటి కచేరీ ఒక పాత చర్చిలో జరిగింది. 1983లో తొలి ఆల్బం ‘మర్మర్’ వచ్చినప్పటి నుంచి వాళ్లు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, చిన్న చిన్న వేదికల మీద వాయించి శ్రోతలను ఒక్కొక్కరినీ సంపాదించుకున్నారు. 1991లో ‘లూజింగ్ మై రెలిజియన్’ పాటతో, అదీ బక్ వాయించిన మాండలిన్ ముందుండి నడిపిన పాటతో, ప్రపంచమంతా వాళ్ల వైపు చూసింది.

అదే ఏడాది చివర సియాటిల్ నుంచి నిర్వాణా అనే రాక్ బృందం హోరు మొదలైంది. ఆర్.ఇ.ఎం. వాళ్లు కూడా తమ తరువాతి ఆల్బం వేగంగా, బిగ్గరగా ఉండాలనే అనుకున్నారు. అలా అనుకుని బక్, మిల్స్, బెర్రీ ముగ్గురూ ఏథెన్స్‌లో కూర్చుని, ఒకరి వాయిద్యం ఒకరు మార్చుకుంటూ సాధన చేస్తే వచ్చినవి మాత్రం నెమ్మదైన, లోలోపలికి చూసుకునే బాణీలు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది ఇక్కడే. అనుకున్న లెక్క ప్రకారం ఆ బాణీలను సాగదీసి, గిటార్లు పేర్చి హోరుగా మార్చే అవకాశం ఉన్నా, ఆ రోజుల్లో బజారు అదే అడుగుతున్నా, వచ్చినదాన్ని వచ్చినట్టుగానే నమ్మి 1992 అక్టోబరులో పన్నెండు పాటలుగా విడుదల చేశారు. ఆ ఆల్బం కోసం ఊళ్లు తిరిగి కచేరీలు కూడా చేయలేదు. అయినా అది కోటికి పైగా అమ్ముడుపోయింది.

మొదటి పాట ‘డ్రైవ్’ మళ్లీ ఒకసారి వినండి. ఒక్క అకూస్టిక్ గిటారు తీగలను విడివిడిగా మీటుతూ మొదలవుతుంది. స్టైప్ గొంతు ఏ ఉద్వేగమూ లేకుండా, పక్కగదిలో నుంచి మాట్లాడుతున్నట్టు వస్తుంది. మనకు అలవాటైన పల్లవి వస్తుందేమోనని చూస్తాం, రాదు. తరువాత ఎలక్ట్రిక్ గిటారు ఒక్కసారి చీల్చుకుని వస్తుంది, వయొలిన్లు అలలా లేస్తాయి, మళ్లీ అంతా తగ్గిపోతుంది. ఆ తీగవాయిద్యాల అమరిక రాసినవాడు లెడ్ జెప్పెలిన్ అనే పేరుమోసిన రాక్ బృందంలో బేస్ గిటారు వాయించిన జాన్ పాల్ జోన్స్. పన్నెండింటిలో నాలుగు పాటలకే ఆయన చేయి తగిలింది. నిర్మాత స్కాట్ లిట్‌తో కలిసి బృందం తీసుకున్న జాగ్రత్త ఏమిటంటే, వాయిద్యం ఎప్పుడు రావాలన్నదాని కన్నా ఎంతసేపు రాకుండా ఉండాలన్నదాని మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. మన దగ్గర మంచి మృదంగ విద్వాంసుడు పల్లవిలో ఒక చోట చేయి తీసేస్తే ఆ ఖాళీలో గాత్రం ఎంత స్పష్టంగా నిలబడుతుందో కచేరీలకు వెళ్లేవారికి తెలుసు. ఈ ఆల్బం నలభై ఎనిమిది నిమిషాల పాటు అలాంటి ఖాళీలను కాపాడుకుంటూ నడుస్తుంది. హోరు చేయగల చేయి హోరును ఆపుకోవడం కూడా రాకే.

అన్ని పాటలూ ఒకే ఎత్తున ఉన్నాయని నేను అనను. ‘ఇగ్నోర్‌లాండ్’ అమెరికా అధ్యక్షులు రీగన్, బుష్‌ల పన్నెండేళ్ల పాలన మీది కోపంతో రాసిన పాట. ఆ కోపం న్యాయమైనదే అయినా, మిగతా పాటల పక్కన ఆ చప్పుడు నాకు ఎప్పుడూ అతకలేదు.

ప్రశ్న: ఆల్బం పేరుకు అర్థం ఏమిటి? అట్ట మీద ఉన్న నక్షత్రం లాంటి వస్తువు ఏమిటి?
— ఒక పాఠకురాలు, నిజామాబాదు

జవాబు: ఏథెన్స్‌లో వీవర్ డీస్ అనే చిన్న భోజనశాల ఉండేది. ఏది అడిగినా అక్కడి యజమాని ‘ఆటోమాటిక్’ అని బదులిచ్చేవాడు, అంటే ‘అలాగే, ఇప్పుడే’ అన్నట్టు. బోర్డు మీద కూడా ‘ఆటోమాటిక్ ఫర్ ద పీపుల్’ అనే రాయించుకున్నాడు. బృందం ఆయన అనుమతి అడిగి పేరు పెట్టుకుంది. చావు గురించీ, ఎడబాటు గురించీ పాడిన ఆల్బంకు సొంత ఊరి పూటకూళ్ల మాట పేరు కావడం నాకెంతో ఇష్టం. అట్ట మీది నక్షత్రం మయామీలోని ఒక మోటెల్ బోర్డుకు ఉన్న అలంకారం. ఆల్బంలో కొంత భాగం రికార్డు చేసింది ఆ నగరంలోనే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నెల రోజులుగా రాత్రిళ్లు గదిలో ‘ఎవ్రిబడీ హర్ట్స్’ అనే ఇంగ్లీషు పాటే మళ్లీ మళ్లీ పెట్టుకుంటున్నాడు. అది ఆత్మహత్యల గురించిన పాట అని మా చెల్లెలి కూతురు చెప్పింది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆ పాట వినవద్దని చెప్పమంటారా?
— ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: అమ్మా, పాట వినవద్దని మాత్రం చెప్పకండి. మీ చెల్లెలి కూతురు చెప్పినది సగం నిజం. ఆ పాట ప్రాణం తీసుకోవాలనిపించే రాత్రి గురించినదే, కానీ తీసుకోవద్దని చెప్పడానికి రాసినది. ముఖ్యంగా మీ అబ్బాయి లాంటి పడుచు పిల్లలను, ఇంకా చిన్నవాళ్లను మనసులో పెట్టుకునే ఆ మాటలు అంత సూటిగా రాశారు. స్టైప్ తొలినాళ్లలో ఏం పాడుతున్నాడో ఎవరికీ తెలియనంతగా మాటలను గొణుగుతూ పాడినవాడు. అలాంటివాడు ఈ ఒక్క పాటలో ఒక్క అక్షరం కూడా జారిపోకుండా, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చినవాడికీ అర్థమయ్యేలా పాడాడు. నీ ఒక్కడికే కాదు, అందరికీ ఏదో ఒక రోజు ఇలాగే ఉంటుంది, పట్టు వదలకు అన్నదే దాని సారాంశం. బ్రిటన్‌లో ఆత్మహత్యల నివారణకు పాటుపడే సమారిటన్స్ సంస్థ తన ప్రచారంలో ఈ పాటనే వాడుకుంది.

పాట కట్టిన తీరు కూడా మీకు ధైర్యం ఇవ్వాలి. దీన్ని మొదట తెచ్చినది డ్రమ్ములు వాయించే బిల్ బెర్రీ. అప్పటికి అది నిమిషం పాటు నడిచే చిన్న బాణీ మాత్రమే. ఆశ్చర్యమేమిటంటే, డ్రమ్మర్ తెచ్చిన ఈ పాటలో తాళం వేసేది చాలాసేపటి వరకు మనిషి కాదు, ఇరవై డాలర్లకు కొన్న ఒక పాత డ్రమ్ మెషీన్. అది టిక్ టిక్‌మని గడియారంలా, నిద్రపట్టని రాత్రి గోడ మీద వినిపించే చప్పుడులా కొడుతూ ఉంటుంది. గిటారు రెండే కార్డుల (కలిపి మీటే స్వరాల గుత్తుల) మధ్య తిశ్ర గతిలో, ఉయ్యాల ఊపినట్టు, అటూ ఇటూ తిరుగుతుంది. చాలాసేపటికి గానీ వయొలిన్లు రావు. ఆ తరువాత, పాట సగం దాటి గొంతు పైకి లేచే చోట, అసలు డ్రమ్ములు, మనిషి చేతి డ్రమ్ములు, వచ్చి కలుస్తాయి. ఒంటరిగా కూర్చున్న గదిలోకి ఎవరో తలుపు తోసుకుని వచ్చినట్టు ఉంటుంది. మీ అబ్బాయి వింటున్నది ఆ పాటనే.

అయితే ఒకే పాటను నెల రోజులు రాత్రిపూట వింటున్నాడంటే, పాట బాగుండటం వల్ల కావచ్చు, లోపల ఏదో బాధ ఉండటం వల్ల కూడా కావచ్చు. ఏది కారణమో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. మీరు కనుక్కోగలరు. తలుపు తట్టి లోపలికి వెళ్లి, అతని పక్కన కూర్చుని, ‘నాకూ వినిపించు నాన్నా’ అని అడగండి. ఐదు నిమిషాలకు కొంచెం పైగా నడిచే పాట, మధ్యలో మాట్లాడకుండా చివరిదాకా వినండి. అయ్యాక ఈ పాటలో నీకు ఏం నచ్చిందని అడగండి. నిద్ర, తిండి, చదువు, స్నేహితులు ఎలా ఉన్నాయో వరసగా అడిగి నిలదీయకుండా, అతను చెప్పినంత వరకు విని ఊరుకోండి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా తిట్టవద్దు, నవ్వి తీసిపారేయవద్దు. ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు రాత్రి ఏ వేళ అయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వచ్చే నెలలో నాకు మరో ఉత్తరం రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మీరు ఈ ఆల్బం ప్రస్తావన ఈ శీర్షికలో పలుమార్లు తెచ్చారు. అందులో మీకు అన్నిటికన్నా దగ్గరైన పాట ఏది? కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: దగ్గరైన పాట ‘స్వీట్‌నెస్ ఫాలోస్’. కారణం చెప్పాలంటే సొంత సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్నగారు పోయినప్పుడు పన్నెండో రోజు భోజనాలు అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. నేనూ మా అన్నయ్యా అప్పటికి నాలుగేళ్లుగా పొలం విషయంలో మాట్లాడుకోవడం మానేసి ఉన్నాం. ఆ సాయంత్రం షామియానా కింద అద్దె కుర్చీలను ఒకదానిలో ఒకటి పేరుస్తున్నాం, అతను ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో కలిశాం. చివరి రెండు కుర్చీలు ఎవరు పెట్టాలో తెలియక ఇద్దరం పట్టుకుని నిలబడ్డాం. ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తూ ఈ ఆల్బం పెట్టుకున్నాను. తల్లిదండ్రులను మట్టిలో కలిపిన తోబుట్టువులు, ఎవరి బతుకుల్లో వారు మునిగిపోయి ఒకరికొకరు దూరమైన తోబుట్టువులు, ఆ పాటలో ఉన్నారు. అప్పటికి కనీసం యాభైసార్లు విన్న పాట అది, ఆ మాటలు నా చెవిన పడినది మాత్రం ఆ రాత్రే. అడుగున సెల్లో, అంటే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం, ఒకే స్వరాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, దాని మీద ఆర్గన్, దూరంగా గిటారు కీచు. ఓదార్పు మాట ఒక్కటే ఒక్కటి, అదీ పాట పేరులో ఉన్నదే, స్టైప్ దాన్ని తనకే పూర్తి నమ్మకం లేనట్టు పాడతాడు. అందుకే నేను నమ్మాను. మరునాడు పొద్దున అన్నయ్యకు ఫోన్ చేశాను.

కొత్తవారు మాత్రం చివరి నుంచి మొదలుపెట్టవచ్చు. చివరి రెండు పాటలు ఒకదాని వెంట ఒకటి వినవలసినవి. ‘నైట్‌స్విమింగ్’లో గిటారు లేదు, డ్రమ్ములు లేవు. మిల్స్ పియానో మీద ఒక చిన్న వలయాన్ని తిప్పుతూ పోతాడు, స్టైప్ పాడతాడు, జోన్స్ అమర్చిన తీగవాయిద్యాలు వచ్చి కలుస్తాయి, చివర్లో ఓబో అనే ఊదే వాయిద్యం గొంతు. చిన్నతనంలో రాత్రిపూట స్నేహితులతో చెరువులో ఈదిన జ్ఞాపకం అది. మా తరంలో దిగుడుబావుల్లోనూ కాలువల్లోనూ వెన్నెల రాత్రులు ఈదినవారికి ఆ పాటకు అనువాదం అక్కరలేదు. ఆ పియానో మయామీలోని క్రైటీరియా స్టూడియోలోది, ఎరిక్ క్లాప్టన్ పాడిన ‘లేలా’ పాట చివరి భాగంలో వినిపించే పియానో కూడా అదేనని మిల్స్ చెప్పాడు. పల్లవి లేని పాట, ఆ వలయం మాత్రం ఆగదు.

తరువాత ‘ఫైండ్ ద రివర్’. నది సముద్రంలో కలవబోయే చోట పాట. దీన్ని మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. స్టైప్ వెనుక రెండు గొంతులు పాడుతుంటాయి, మిల్స్‌దీ బెర్రీదీ. ఇద్దరూ ఒకరు పాడినది మరొకరు వినకుండానే, వేర్వేరుగా రికార్డు చేశారు. అది మిల్స్ ఆలోచనే. మిల్స్ గొంతు ఉద్వేగంతో పైపైకి పోతుంది, బెర్రీ గొంతు నెమ్మదిగా, తగ్గి, పెద్దగా పట్టించుకోమని అడగకుండా నడుస్తుంది. ముందుగా ఏమీ అనుకోకపోయినా రెండూ అమరాయి. 1997లో బెర్రీ బృందాన్ని విడిచి పొలం చూసుకోవడానికి వెళ్లిపోయాడు, 2011లో మిగతా ముగ్గురూ బృందాన్నే చాలించారు. మొదటిసారి వింటే మీకు మిల్సే వినిపిస్తాడు. మూడోసారికి ఆ రెండో గొంతు కోసం వెతకండి, కింది శ్రుతిలో ఉంటుంది.