రేకుల కప్పు వేయించే ముందు

ప్రశ్న: పరకాల దగ్గర మా సంఘంలో ఒక వితంతువు పెంకుటిల్లు కురుస్తోంది. విశ్వాసం క్రియల్లో కనబడాలని యువకులం కలిసి రేకులు వేయిద్దామనుకుంటున్నం. గది 10×15 అడుగులు. ఏం చూసుకోవాలి?

జవాబు: ఇందిరమ్మ ఇల్లు మంజూరైందేమో ముందు ఆమెనే అడగండి. అయి ఉంటే కప్పు మీద ఖర్చు దండగ. ఆ పథకం కింద ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు పని జరిగిన దశను బట్టి వస్తాయి. బేస్‌మెంట్ లేపడానికి చేతిలో పైసలు లేకనే చాలామంది ఆగిపోతారు. మీ చందా అక్కడ పెట్టండి.

లేదంటే రేకులే. వాలు అడుగుకు 2 అంగుళాలు. 10 అడుగుల వెడల్పుకు ఒక గోడ ఎదుటి గోడ కంటే 20 అంగుళాలు ఎత్తుండాలి. మూడున్నర అడుగుల వెడల్పు, పన్నెండున్నర అడుగుల పొడవు రేకులు 6 పడతాయి. రేకులను మోసే అడ్డపైపులు నాలుగు అడుగులకు మించని ఎడంలో 4 వరసలు. 15 అడుగుల పైపు వంగుతుంది, మధ్యలో వాసంగా ఇంకో పైపు తప్పదు.

ఎండకాలం గాలిదుమారానికి కప్పు లేచిపోయేది ఎక్కువగా పైపులను గోడ మీద ఊరికే పెట్టి, పైన రాళ్లు బరువు పెట్టడం వల్లే. పైపు చివరలను గోడలో కాంక్రీటు దిమ్మెల్లో బిగించాలి. మట్టిగోడైతే దిమ్మె నిలవదు, ఇనుప స్తంభాలు పాతాల్సిందే. స్క్రూ రేకు మిట్ట మీద కొట్టాలి, పల్లంలో కాదు. మరీ బిగిస్తే రబ్బరు వాషరు చీలి అక్కడే కురుస్తుంది.

పైకి ఎక్కే పని మేస్త్రీకే వదలండి. యువకులు పెంకులు అందుకుని పేర్చితే చాలు, కూలి మిగులుతుంది.