డీఏ ఆఫీసులో లా క్లర్క్ అంటే గుమాస్తా కాదు

గుంటూరులో మూడేళ్లు ప్రాక్టీసు చేసి, పెళ్లయ్యాక కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు వచ్చిన ఒక చెల్లెలు అడిగిన సందేహం ఇది: "అక్కా, ఇక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీ (డీఏ, అంటే కౌంటీ ప్రాసిక్యూటరు) ఆఫీసులో లా క్లర్క్ పోస్టు పడింది. అడ్వొకేటుగా చేసినదాన్ని, క్లర్క్ పనికి వెళ్తే మామగారు ఏమంటారో అని ఆలోచిస్తున్నాను. పైగా నాది హెచ్-4 డిపెండెంట్ వీసా. అప్లై చేయొచ్చా?"

ముందు ఆ పేరు సంగతి. మన దగ్గర ప్లీడరు గుమాస్తా అంటే కేసు కట్టలు మోసి, వాయిదాలు రాసుకుని, కాపీలకు అప్లికేషన్లు పెట్టే మనిషి. ఇక్కడ ఆ పనులకు వేరే సిబ్బంది ఉన్నారు. లా క్లర్క్ అంటే లా స్కూల్లో చదువుతున్న విద్యార్థి, లేకపోతే చదువు ముగించి బార్ పరీక్ష (లాయరు లైసెన్సు పరీక్ష) రాసి ఫలితం కోసం చూస్తున్న మనిషి. డీఏ కింద కేసులు నడిపే డిప్యూటీ డీఏలు చాలామంది ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లే. మామగారికి ఇదే మాట చెప్పండి.

ఇక్కడి పద్ధతి మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ పద్ధతి లాంటిది కాదు. మన దగ్గర పోలీసులు చార్జిషీటు వేస్తారు, ఆ కేసును కోర్టులో పీపీ నడుపుతారు. కాలిఫోర్నియాలో పోలీసులు రిపోర్టు తెచ్చి డీఏ ఆఫీసుకు ఇస్తారు. కేసు పెట్టాలా వద్దా, పెడితే ఏ నేరం కింద పెట్టాలి అన్నది ఆ ఆఫీసే తేలుస్తుంది. రాష్ట్రంలో 58 కౌంటీలు. డీఏను ప్రజలే ఓట్లేసి ఎన్నుకుంటారు. కేసు పుట్టేది అక్కడే కాబట్టి క్లర్క్ బల్ల మీదికి వచ్చే పనికి కూడా అంత బరువుంటుంది.

నేను లా క్లర్కుగా చేసిన ఆఫీసులో మొదటి నెలంతా పోలీసుల బాడీ కెమెరా వీడియోలు చూడడమే పని. ఏ నిమిషంలో ఎవరు ఏమన్నారో రాసిపెట్టాలి. డిఫెన్సుకు ఇచ్చే కాగితాల్లో సాక్షుల ఫోన్ నంబర్లు, అడ్రసులు నల్లగా కొట్టేయాలి. ఒకరోజు సాయంత్రం ఒక వీడియో చివర్లో, ఆఫీసరు వెనక్కి తిరిగి కారు దగ్గరికి వెళ్తుండగా, సాక్షి పక్కనున్న ఆమెతో "నిజానికి మొహం నాకు సరిగ్గా కనబడలేదు" అన్నట్టు వినిపించింది. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. మన కేసు బలహీనపడుతుందే అని గుండె దడదడలాడింది. నా పై అటార్నీకి చూపిస్తే, ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా అదే రోజు డిఫెన్సుకు పంపించింది. ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యం దాచకూడదని 1963లో బ్రేడీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చదవడం వేరు, ఆ సాయంత్రం దాన్ని కళ్ల ముందు చూడడం వేరు.

తర్వాత రాత పని వస్తుంది. సాక్ష్యాన్ని చట్టవిరుద్ధంగా సోదా చేసి పట్టుకున్నారంటూ డిఫెన్సు 1538.5 మోషన్ (ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టమని పీనల్ కోడ్ 1538.5 కింద వేసే పిటిషన్) వేస్తే, దానికి జవాబు డ్రాఫ్ట్ చేయమంటారు. మన పిటిషన్లలో రాసే "సవినయంగా ప్రార్థించుచున్నాము" ధోరణి ఇక్కడ పనికిరాదు. మొదటి పేరాలోనే మన వాదన ఏమిటో చెప్పేయాలి. నా మొదటి డ్రాఫ్టులో రెండు పేజీలు కొట్టేశారు. ఆ దెబ్బతోనే రాత నేర్చుకున్నాను.

కోర్టులో నిలబడి మాట్లాడే అవకాశం కూడా ఉంది. గుర్తింపు ఉన్న లా స్కూల్లో మొదటి ఏడాది పూర్తి చేసి, ఎవిడెన్స్, సివిల్ ప్రొసీజర్ సబ్జెక్టులు చదివిన లేదా చదువుతున్న విద్యార్థి స్టేట్ బార్ (మన బార్ కౌన్సిల్ లాంటిది) దగ్గర సర్టిఫైడ్ లా స్టూడెంట్‌గా నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు సీనియర్ అటార్నీ పక్కనుండగా ప్రిలిమినరీ హియరింగులో (కేసు విచారణకు నిలుస్తుందా అని జడ్జి చూసే దశలో) సాక్షిని ప్రశ్నించవచ్చు. ఆఫీసులు ఇలాంటి విద్యార్థుల కోసమే ఎక్కువగా చూస్తాయి.

మరి ఇండియాలో చదివిన మీ సంగతి? మీ చేతిలో ఉన్నదాన్ని తక్కువగా చూడకండి. ఇండియాలో బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, గుడ్ స్టాండింగ్‌లో (సస్పెన్షన్ లాంటివేవీ లేకుండా) ఉన్న అడ్వొకేటు మళ్లీ లా స్కూలుకు వెళ్లకుండానే కాలిఫోర్నియా బార్ పరీక్ష రాయొచ్చు. ఎన్‌రోల్‌మెంట్ లేకుండా ఎల్‌ఎల్‌బీ డిగ్రీ మాత్రమే ఉంటే ఎల్‌ఎల్‌ఎం చేయాల్సి వస్తుంది. అందుకే చెప్తున్నాను, ఇక్కడికి వచ్చేశాం కదా అని ఆ ఎన్‌రోల్‌మెంటును గాలికొదలకండి. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కోసం ఇప్పుడే కదలండి, ఊళ్లో ఉన్న నాన్నగారినో అన్నయ్యనో తిప్పించి తెప్పించుకోవాలంటే టైమ్ పడుతుంది. పరీక్ష ఫిబ్రవరిలో, జులైలో జరుగుతుంది. జులై ఫలితాలు నవంబరులో వస్తాయి. ఆ మధ్య నెలల కోసమే పోస్ట్-బార్ లా క్లర్క్ పోస్టులుంటాయి, మీకు సరిపోయేది అదే. ప్రకటనలో లా స్కూల్ గ్రాడ్యుయేట్ అని ఉన్నచోట విదేశీ డిగ్రీని ఒప్పుకుంటారా అని అప్లై చేయకముందే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి.

ఇక వీసా. ఇక్కడ తప్పు చేస్తే దిద్దుకోవడం కష్టం. హెచ్-4 మీద చదువుకోవచ్చు, కానీ పని అనుమతి కార్డు (ఈఏడీ) లేకుండా పని చేయకూడదు. మీ ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే, లేదా గ్రీన్‌కార్డు ప్రాసెస్ ఆధారంగా ఆరేళ్లు దాటి హెచ్-1బీ పొడిగించి ఉంటే మీరు ఈఏడీకి అర్హులు, 2015 నుంచి ఆ వీలుంది. కార్డు చేతికి వచ్చాకే పనిలో చేరాలి. "జీతం తీసుకోకపోతే ఏమీ కాదు, వాలంటీరుగా చేరిపో" అని నాకు కూడా ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి వినకండి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినా, అనుమతి లేని పని కింద లెక్కపడే ప్రమాదముంది. రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రావచ్చు. చేరేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును ఒకసారి కలవండి.

ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారి చదివేవాళ్లకు మామూలుగా ఒక విద్యా సంవత్సరం అయ్యాక సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి), చదువు ముగిశాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనికి అనుమతి) ఉంటాయి. మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు వచ్చే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ చదువుల) పొడిగింపు మామూలు లా డిగ్రీకి రాదు. కౌంటీ డీఏ ఆఫీసును, ఫెడరల్ ప్రభుత్వానికి చెందిన యూఎస్ అటార్నీ ఆఫీసును ఒకటే అనుకోకండి. ఫెడరల్ ఆఫీసులో సాధారణంగా అమెరికా పౌరులనే తీసుకుంటారు.

ఎంపికయ్యాక బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. లైవ్ స్కాన్‌లో పదివేళ్ల ముద్రలు తీసుకుంటారు, పాత అడ్రసులన్నీ రాయమంటారు. పాత ట్రాఫిక్ టికెట్ ఉంటే ఉన్నదున్నట్టు రాయండి. దాన్ని దాచితే ఆ టికెట్ కంటే పెద్ద తప్పవుతుంది.

చివరగా ఒక మాట, మన భాష గురించి. ఒకసారి గృహహింస కేసులో తెలుగావిడ వచ్చింది. కారిడార్‌లో భయంతో చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది. నేను తెలుగులో పలకరించగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చెప్పేదంతా ఇంగ్లీషులో చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. అటార్నీ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు అనువాదం చేస్తే రేపు నువ్వే సాక్షివి కావాల్సి రావచ్చు, ఇంటర్‌ప్రెటర్‌ను రానివ్వు" అంది. ఇంటర్‌ప్రెటర్ వచ్చేదాకా ఆమె పక్కన కూర్చుని, మంచినీళ్లు తెచ్చిచ్చి, ఏ ఊరమ్మా అని అడిగాను. కేసు గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అనువాదం చేయకపోయినా, ఇలా పలకరించడానికైనా మన భాష పనికొస్తుంది, అప్లికేషన్‌లో తెలుగు వచ్చని తప్పకుండా రాయండి చెల్లెమ్మా.