ఏ ఫ్రేమ్‌వర్క్ అని తేల్చుకునే ముందు ఆ ప్రింటర్ తెప్పించండి

మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. ఇప్పుడు ముగ్గురం కలిసి మారతహళ్ళిలో రూమ్ తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టాం. మా వైపు టమాటా మండీ ఆయన ఒకరు వెబ్ అప్లికేషన్ చేసిమ్మన్నారు. పొద్దున వేలం జరుగుతుంటే గుమాస్తా ఫోన్‌లో రైతు పేరు, బాక్సులు, రేటు ఎక్కించాలి, లోపల లాప్‌టాప్‌లో ఓనర్‌కి అప్పటికప్పుడు కనపడాలి, కమీషన్ కూలీ పోను రైతు చేతికి బిల్లు ప్రింట్ రావాలి, సాయంత్రం బెంగళూరు చెన్నై పార్టీల బాకీలు చూసుకోవాలి. ఏ ఫ్రేమ్‌వర్క్, అంటే స్క్రీన్లు కట్టడానికి వాడే రెడీమేడ్ కోడ్, తీసుకోవాలో తేలట్లేదు. నాకు రియాక్ట్ కొంచెం వచ్చు, నా ఫ్రెండ్ ఆరేళ్ళు యాంగులర్ మీద చేశాడు, మూడోవాడు ఫ్రెషర్, ఫ్లటర్ అయితే ఒకే కోడ్‌తో అన్నీ అయిపోతాయంటున్నాడు. తెలిసినాయన ఒకరు బ్లేజర్ అన్నారు. నెల రోజుల నుంచి ఇదే గొడవ, ఒక్క స్క్రీన్ కూడా మొదలవ్వలేదు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. యాంగులర్ తీసుకోండి. అది అన్నిటికన్నా గొప్పదని కాదు, మీ ముగ్గురిలో ఆరేళ్ళు దాంతో కాపురం చేసినవాడు ఒకడున్నాడు కాబట్టి. వేలం మధ్యలో స్క్రీన్ ఆగిపోతే బయట రైతులు నిలబడి ఉంటారు, ఫోన్ మీకే వస్తుంది, ఆ టైంలో వీడియోలు వెతుక్కునేవాడు పనికిరాడు, ఎర్రర్ చూడగానే ఇది ఫలానా చోట అని చెప్పగలిగినవాడు కావాలి. పైగా మీ పనంతా ఫారాలే, పేరు కొట్టు, బాక్సులు కొట్టు, రేటు కొట్టు, సరిచూడు, సేవ్ చెయ్యి. ఇలాంటి వాటికి యాంగులర్‌లో ఫారాలు, రూటింగ్ (ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి వెళ్ళడం), సర్వర్‌తో మాట్లాడే భాగం అన్నీ డబ్బాలోనే వస్తాయి.

రియాక్ట్ తక్కువని కాదు. 2013లో ఫేస్‌బుక్ వాళ్ళు బయటికిచ్చిన దగ్గర్నుంచి అది ఎంత పాకిందో నీకు తెలుసు, రేపు మనిషి కావాలన్నా తేలిగ్గా దొరుకుతాడు. కానీ రియాక్ట్ ఇచ్చేది స్క్రీన్ గీసే పని వరకే, రూటింగ్‌కి ఏది, ఫారాలకి ఏది, డేటా ఎక్కడ పెట్టాలి అనేది ఒక్కోటీ మీరే ఎంచుకోవాలి. ఒక్క ఫ్రేమ్‌వర్క్‌కే నెల పట్టిన టీము, ఈ నాలుగైదు ఎంపికలకి ఇంకెన్ని నెలలు కూర్చుంటుందో నువ్వే చూసుకో.

యాంగులర్‌లో ఒక జాగ్రత్త చెప్పాలి. 2010లో వచ్చిన యాంగులర్ జేఎస్ వేరు, 2016లో వచ్చిన యాంగులర్ 2 వేరు, పేరు ఒకటే అనిపించినా పాతదాంట్లో రాసినవాళ్ళు దాదాపు మళ్ళీ మొదటినుంచి రాసుకోవాల్సి వచ్చింది, పాతదానికి 2021 డిసెంబర్‌తో సపోర్ట్ ఆగిపోయింది. ఇప్పుడు కొత్త వెర్షన్ ఆర్నెల్లకొకటి వస్తుంది, ఒక్కోదానికి సపోర్ట్ 18 నెలలు. కాబట్టి పని నడుస్తోంది కదా అని మూడేళ్ళు వదిలేయొద్దు, టమాటా సీజన్ చల్లబడ్డాక అప్‌డేట్‌కి రెండు రోజులు పక్కన పెట్టుకోండి, ఆ రెండు రోజులకీ మండీ ఆయనతో ముందే డబ్బు మాట్లాడుకోండి.

ఫ్లటర్ గురించి మీ ఫ్రెషర్ తమ్ముడికి ఇది చెప్పు. ఫోన్ యాప్‌లకి అది మంచిది, నేనూ వాడతాను. కానీ వెబ్‌లో అది బ్రౌజర్ అక్షరాలు వాడదు, కాన్వాస్ అనే ఖాళీ పలక మీద తనే బొమ్మలా గీస్తుంది, అందుకు దింపుకునే గీసే యంత్రమే ఒకటిన్నర ఎంబీ దాకా ఉంటుంది. ఇక మన తెలుగు సంగతి. యాప్‌లోనే తెలుగు ఫాంట్ పెట్టకపోతే అది గూగుల్ దగ్గర్నుంచి ఫాంట్ దింపుకునేదాకా రైతు పేరు ఉండాల్సిన చోట ఖాళీ గళ్ళు కనిపిస్తాయి, యార్డులో నెట్ నెమ్మదిగా ఉన్న రోజు ఆ గళ్ళు చూసి గుమాస్తా ఏం చేస్తాడు? ఇంకోటి, లాప్‌టాప్ ముందు కూర్చునే ఓనర్లకి కంట్రోల్ ఎఫ్ కొట్టి పేరు వెతుక్కోవడం అలవాటు, కాన్వాస్ మీద గీసిన అక్షరాల్ని బ్రౌజర్ వెతకలేదు. ఒత్తులు, గుణింతాలు, కాపీ చేసుకోవడం, వెతుక్కోవడం, ఇవన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలో బ్రౌజరే ఊరికే చేసిపెడుతుంది, దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

బ్లేజర్ మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో కోడ్ రాసేవాళ్ళకి బాగుంటుంది, మీలో ఆ మనిషి లేడు. దాని ఒక పద్ధతిలో డాట్‌నెట్ రన్‌టైమ్ (ఆ కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) అంతా ఫోన్‌కి దిగాలి, ఇంకో పద్ధతిలో సర్వర్‌తో కనెక్షన్ ఎప్పుడూ ఉండాలి, మీ యార్డుకి రెండూ కుదరవు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, ఎందుకంటే ఫ్రేమ్‌వర్క్ ఏదైనా ఇది తప్పితే దెబ్బ తింటారు. 2009లో నేను ఇందిరానగర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉండగా, బంగారం మీద అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ వాళ్ళకి ఫ్లెక్స్‌లో, అంటే బ్రౌజర్‌కి అదనంగా ఎక్కించుకునే ఫ్లాష్ ప్లేయర్ ప్లగిన్ ఉంటేనే నడిచేదాంట్లో, స్క్రీన్లు చేశాం. రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్, అంటే బ్రౌజర్‌లోనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లా నడిచేది, అనే మాట అప్పుడు ఎక్కడ చూసినా ఉండేది, ఫ్లెక్స్ తెచ్చిన మాక్రోమీడియా వాళ్ళు 2002లో పెట్టిన పేరది, 2005లో ఆ కంపెనీని అడోబీ కొంది, అటు 2007లో మైక్రోసాఫ్ట్ అలాంటిదే సిల్వర్‌లైట్ తెచ్చింది, రెండిట్లో ఏదని మేమూ మీలాగే వారాల తరబడి వాదించుకున్నాం. ఫ్లెక్స్ తీసుకున్నాం. కాలమ్ పట్టుకుని లాగితే కదిలేది, గ్రాఫులు కదిలేవి, ఆ రోజుకి మా ఎంపిక తప్పని ఇప్పటికీ అనను. 2010లో ఐప్యాడ్ వచ్చింది, దాంట్లో ఫ్లాష్ లేదు, ఆ ఏప్రిల్‌లోనే స్టీవ్ జాబ్స్ ఫ్లాష్‌ని ఎందుకు రానివ్వమో బహిరంగంగా రాశాడు. 2011 నవంబర్‌లో అడోబీనే మొబైల్ ఫ్లాష్ ఆపేసి ఫ్లెక్స్‌ని అపాచీ ఫౌండేషన్ చేతికిచ్చింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి సపోర్ట్ పోయింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ తనంతట తనే ఆడించడం మానేసింది, ఆ అక్టోబర్‌లో సిల్వర్‌లైట్ కూడా వెళ్ళిపోయింది. రెండూ పోయినా అదే కాలంలో పుట్టిన మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు ఈరోజుకీ తెరుచుకుంటున్నాయి, ఎందుకంటే అవి ఒక కంపెనీ ప్లగిన్ మీద కాకుండా అన్ని బ్రౌజర్లూ ఒప్పుకున్న ప్రమాణం మీద నిలబడ్డాయి.

మాకు అసలు నొప్పి తెలిసింది తిరగరాసేటప్పుడు. వడ్డీ లెక్క మొత్తం స్క్రీన్‌లోని బటన్ క్లిక్ లోపల రాసి ఉంది. ఒక స్క్రీన్‌లో నెల అంటే 30 రోజులు, ఇంకో స్క్రీన్‌లో క్యాలెండర్ నెల, రాసినవాళ్ళు ఉద్యోగం మారిపోయారు, ఏది కరెక్టో చెప్పే మనిషి లేడు. ఒక పాత లాప్‌టాప్‌లో పాత స్క్రీన్ తెరిచిపెట్టుకుని, అసలు మొత్తం కొట్టి, తేదీ కొట్టి, వచ్చిన వడ్డీని నోట్‌బుక్‌లో రాసుకుని, కొత్తదాంట్లో అదే అంకె వస్తుందా అని పోల్చుకుంటూ ఆరు వారాలు కూర్చున్నాం. డేటాబేస్‌లో, సర్వర్ మీద ఉన్న భాగం మాత్రం ఒక్క లైను మారలేదు.

అందుకని మీ కమీషన్, కూలీ, పాత బాకీ సర్దుబాటు, ఈ లెక్కలన్నీ విడిగా మామూలు టైప్‌స్క్రిప్ట్ (యాంగులర్ కోడ్ రాసే భాష) ఫైల్‌లో పెట్టండి, ఆ ఫైల్ పైన యాంగులర్ అనే పేరున్న ఇంపోర్ట్ లైను (బయటి కోడ్ తెచ్చుకునే లైను) ఒక్కటి కూడా ఉండకూడదు. అదే ఫైల్‌ని సర్వర్ మీద కూడా నడిపి బిల్లు అంకె రెండోసారి సరిచూసుకోండి. డబ్బుని రూపాయల్లో దశాంశంగా దాచొద్దు, పైసల్లో పూర్ణాంకంగా దాచండి, జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, సాయంత్రానికి మొత్తంలో పైసా తేడా వస్తే మండీలో మీ మీద నమ్మకం అక్కడే పోతుంది. మండీ ఆయన దగ్గర పాత బిల్లులు ఒక యాభై తీసుకుని, ఒక్కోటీ ఎక్కించి అదే అంకె వస్తుందో లేదో చూసే టెస్టులు మొదటి వారంలోనే రాయండి. ఆ పనికి ఫ్రెషర్ తమ్ముడిని కూర్చోబెట్టు, వ్యాపారం అర్థమవుతుంది.

నెట్ పోయినా ఎక్కించేలా చెయ్యాలి, దీన్ని తర్వాత చూద్దాం అనుకోవద్దు. సర్వీస్ వర్కర్‌తో (బ్రౌజర్ వెనకాల నడిచే చిన్న కోడ్) పేజీ ఫోన్‌లోనే ఉంచండి, ఎంట్రీలు బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్‌లో రాసి, నెట్ రాగానే పంపండి. ఒక్కో ఎంట్రీకి నంబర్ సర్వర్ ఇవ్వడం కాదు, ఫోనే ఒక యూయూఐడీ (ఇంకో ఎంట్రీకి రాని పొడుగు నంబర్) తయారు చేసి ఇవ్వాలి, అప్పుడు నెట్ తెగి అదే ఎంట్రీ రెండుసార్లు వెళ్ళినా సర్వర్ దాన్ని గుర్తుపట్టి ఒకటే ఉంచుతుంది, లేకపోతే రైతుకి 40 బాక్సులు 80 అవుతాయి. గుమాస్తా దగ్గర ఐఫోన్ ఉంటే గుర్తుపెట్టుకోండి, సఫారీ బ్రౌజర్‌లో ఏడు రోజులు వాడని సైట్ దాచుకున్న డేటాని తీసేస్తుంది, హోమ్ స్క్రీన్ మీదికి చేర్చుకున్న వెబ్ యాప్‌కి ఆ రూలు లేదు. కాబట్టి మొదటి రోజే మీరే పక్కన నిలబడి హోమ్ స్క్రీన్ మీద పెట్టించండి.

ఇక ప్రింటర్. రైతుకి చేతిలో పెట్టే చిన్న బిల్లు బెల్ట్‌కి తగిలించుకునే బ్లూటూత్ ప్రింటర్‌లోంచి రావాలంటారు, నాకు తెలుసు. చవకవి చాలావరకు పాత తరహా బ్లూటూత్ మీద నడుస్తాయి, బ్రౌజర్‌లోని వెబ్ బ్లూటూత్ మాత్రం బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త తరహా బ్లూటూత్) రకంతోనే మాట్లాడుతుంది, సఫారీలో అసలు లేనేలేదు. వాళ్ళు వాడబోయే ప్రింటర్‌నే తెప్పించి, మీ రూమ్‌లో టేబుల్ మీద పెట్టుకుని, ఈ వారమే తెలుగు పేరుతో ఒక బిల్లు తీసి చూడండి. చాలా ప్రింటర్లలో తెలుగు అక్షరాలే ఉండవు, బిల్లుని బొమ్మగా మార్చి పంపాలి. బ్రౌజర్‌తో కుదరకపోతే యాంగులర్ కోడ్‌ని అలాగే ఉంచి కెపాసిటర్ అనే టూల్‌తో ఆండ్రాయిడ్ యాప్‌గా చుట్టి, ప్రింటర్‌కి ప్లగిన్ పెట్టుకోవచ్చు. ఈ ఒక్క పరీక్ష అయ్యాక మీ నెల రోజుల వాదనలో సగం దానంతటదే తేలిపోతుంది.

ప్రశ్న: అన్నగారూ, నేను బీటెక్ అయిపోయి కుందలహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటున్నాను. మూడు నెలల ఫుల్‌స్టాక్ (స్క్రీన్ పని, సర్వర్ పని రెండూ నేర్పే) కోర్సులో చేరమంటున్నారు, రియాక్ట్ బ్యాచ్ వేరు, యాంగులర్ బ్యాచ్ వేరు అంటున్నారు. ఇంట్లో డబ్బు ఒక్కసారే ఇవ్వగలరు. ఏది నేర్చుకుంటే ఉద్యోగం?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చెల్లీ, ఆ డబ్బు ఇంకో నెల ఇంట్లోనే ఉండనీ. ఈ నెల రోజులూ ఏ ఫ్రేమ్‌వర్కూ వద్దు, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ మాత్రమే పెట్టుకుని నీ పీజీకే ఒక పేజీ చెయ్యి, ఎవరు ఏ రూములో ఉన్నారు, అడ్వాన్స్ ఎంత, ఈ నెల కట్టారా లేదా అని. మొజిల్లా వాళ్ళ ఎండీఎన్ సైట్‌లో వీటి పాఠాలన్నీ ఊరికే దొరుకుతాయి. పేజీ రీలోడ్ చేసినా లెక్క పోకుండా ఎలా దాచాలి, ఇద్దరు ఒకేసారి మారిస్తే ఏమవుతుంది, అక్కడ నీకు వచ్చే ఇబ్బందులే నీ పాఠం. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ రోజూ చూడు, ఏ ఫైల్ ఎంత బరువుంది, ఏది ఆలస్యమైంది, స్లో నెట్ పెట్టి చూస్తే నీ పేజీ ఎలా ఉంది. నేను ఇంటర్వ్యూలు చేస్తాను కాబట్టి చెప్తున్నా, రియాక్ట్ హుక్స్ పేర్లు గడగడా చెప్పేవాళ్ళు రోజుకి పదిమంది వస్తారు, ఒక క్లిక్ కొడితే బ్రౌజర్‌లో ఏం జరుగుతుందో వరసగా చెప్పగలిగినవాళ్ళ కోసం ఎదురుచూస్తుంటాం.

ఆ నెల తర్వాత రియాక్ట్‌కే వెళ్ళు, కొత్తవాళ్ళకి అవకాశాలు అందులో ఎక్కువ కనిపిస్తున్నాయి, దాంతోపాటు టైప్‌స్క్రిప్ట్. చేరే ముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక డెమో క్లాసు కూర్చో, క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పాత టూల్‌తో మొదలుపెడితే లేచి వచ్చెయ్యి, దాన్ని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ వాళ్ళే కొత్త పనులకి వాడొద్దని పక్కన పెట్టేశారు, అది తెలియని చోట డబ్బు కట్టొద్దు.

ప్రశ్న: చెన్నైలో ఇంటి దగ్గర్నుంచే చీరలు అమ్ముతుంటాను, అంతా వాట్సాప్‌లోనే. యాప్ చేయించమని ఒకబ్బాయి వెంటపడుతున్నాడు. అవసరమా?
– ఒక గృహిణి, టీ నగర్, చెన్నై

జవాబు: వద్దమ్మా. 2015లో బెంగళూరు ఫ్లిప్‌కార్ట్ అంతటిది మొబైల్ వెబ్‌సైట్ తీసేసి అందరూ యాప్‌కే రావాలంది, ఆ ఏడాది నవంబర్‌లోనే ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో మళ్ళీ బ్రౌజర్‌లోకి వచ్చింది. చీర చూడటానికి ఎవరూ ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కించుకోరు. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ ఉంటుంది, ఫోటో, ధర అందులో పెట్టండి, చీర అమ్ముడుపోగానే తీసేయండి. ఫోటోలు మాత్రం పగటి వెలుతురులో, కొంగు ఒకటి, అంచు ఒకటి, జాకెట్ ముక్క ఒకటి, ఇలా మూడు చొప్పున తీయండి.