కోల్‌కతా ట్రయల్స్‌కు వెళుతున్న మేనకోడలికి

చిన్నీ,

కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్బు నిన్ను ట్రయల్స్‌కు పిలిచిందని మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేసి చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతు వణుకుతూనే ఉంది. పక్కనుంచి మీ అమ్మ "వదినా, అంత దూరం ఎందుకో మీరైనా చెప్పండి" అంటోంది. నేను చెప్పను. వెళ్ళు. దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కు అగ్ర పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఆడే అవకాశం గుమ్మం దాకా వస్తే ఎందుకని అడిగే ఇల్లు మనది కాకూడదు. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు కన్ను మూతపడలేదు. సంతోషం సగం, దిగులు సగం. ఆ దిగులు నీ మోకాళ్ళ గురించి.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆటగాళ్ళ రిజిస్ట్రేషన్ కాగితాలు రెండేసి నకళ్ళు దగ్గర ఉంచుకో. కొత్త బూట్లు ట్రయల్స్ రోజునే మొదటిసారి తొడగకు. రైలు దిగిన రోజున మైదానంలోకి దిగకు, ఒక రాత్రి హాయిగా నిద్రపో. డిగ్రీ పరీక్షల ఫీజు కట్టి వెళ్ళు. గోంగూర పచ్చడి సీసా నేను పంపుతాను. "వెనక మనిషి ఉంది" అని బెంగాలీలో ఎలా అరుస్తారో మొదటి పూటే తోటి అమ్మాయిలను అడిగి తెలుసుకో.

ట్రయల్స్‌లో నీ కాళ్ళ దగ్గర బంతి ఉండేది కాసేపే. మిగతా సమయమంతా నువ్వు ఎక్కడ నిలబడ్డావు, బంతి పోగొట్టుకున్నాక ఎంత వేగంగా వెనక్కి పరుగెత్తావు అన్నదే కోచ్ చూస్తారు. నీలా వింగ్‌లో, అంటే మైదానం అంచు వెంట, ఆడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. నిజామాబాద్ నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య ఆట చూశావు కదా. 2025 ఏప్రిల్‌లో కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు తొలిసారి లీగ్ టైటిల్ ఖాయం చేసిన గోలు ఆ అమ్మాయిదే. ఆ ఏడాది జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా ఆమెకే దక్కింది. గోలు అందరూ చూశారు. నువ్వు ఆమె వెనక్కి పరుగెత్తడం చూడు.

మా రోజుల్లో లీగ్ అన్న మాటే లేదు. 1975లో లక్నోలో మొదలైన సీనియర్ జాతీయ పోటీలే మాకు సర్వస్వం. ఏడాదికి ఒకసారి రాష్ట్ర జట్టులో చోటు దొరికితే దొరికినట్టు. బడి గదుల్లో బెంచీలు పక్కకు జరిపి పడుకునేవాళ్ళం. 1983లో బ్యాంకాక్‌లో ఆసియా కప్ ఫైనల్ దాకా మన జట్టు వెళ్ళిందని, అప్పటి భారత క్రీడాకారిణి శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చిందని చెప్పుకుని పొంగిపోయేవాళ్ళం. పత్రికల్లో మా ఆట గురించి నాలుగు పంక్తులు దొరికితే కత్తిరించి దాచుకునేవాళ్ళం. 2016-17లో లీగ్ మొదలై, ఢిల్లీలో జరిగిన ఫైనల్లో మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచినప్పుడు నేను ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఎందుకో మీ మామయ్యకు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని రెండుసార్లు చదువు.

పెళ్ళిళ్ళలో అందరం కింద భోజనాల వరుసలో కూర్చుంటే, వరంగల్ అత్త ఒక్కతే కుర్చీ వెతుక్కోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు. ఒళ్ళు బరువని నవ్విన వాళ్ళలో నువ్వూ ఉన్నావు. ఆవిడ మా జట్టులో లెఫ్ట్ వింగర్. బంతి తీసుకుని సున్నపు గీత వెంట ఆవిడ బయలుదేరితే అవతలి బ్యాక్‌కు ఏ వైపు తిరగాలో తోచేది కాదు. అంత మంచి ఎడమ కాలు నేను మళ్ళీ చూడలేదు.

ఒకసారి జాతీయ పోటీల్లో క్వార్టర్ ఫైనల్. నేల గట్టిగా ఎండిపోయి ఉంది, గడ్డి అక్కడక్కడే ఉంది. పరుగెత్తుతూ పరుగెత్తుతూ లోపలికి తిరగబోయింది. ఎవరూ తాకలేదు. బూట్ల అడుగున ఉండే స్టడ్లు నేలలో పట్టుకుపోయాయి, ఒళ్ళు తిరిగింది కానీ పాదం తిరగలేదు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడు. మధ్యలో ఉన్న నాకే వినిపించింది. పడింది, లేచింది, కుంటుతూనే మిగిలిన ఆట ఆడింది. చీకటి పడేసరికి మోకాలి చిప్ప కనిపించనంతగా వాపు వచ్చింది.

సెమీఫైనల్ చూడటానికి ఇండియా క్యాంపుకు ఎంపిక చేసేవాళ్ళు వస్తున్నారని అప్పటికే కబురు అందింది. అందుకని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. రాత్రంతా ట్రాక్‌సూటు విప్పలేదు. క్యాంటీన్ నుంచి ఐసు ముక్కలు తెచ్చి రుమాల్లో కట్టి మోకాలికి పెట్టుకుంది. తెల్లవారాక బాత్‌రూములో తలుపు వేసుకుని, రెండు చుట్టల క్రేప్ బ్యాండేజీ బిగించి పిన్నీసు పెట్టుకుంది. జట్టు మేనేజరు అడిగితే కొంచెం బెణికిందని చెప్పింది. నొప్పి మాత్రలు వేసుకుని పంటి బిగువున మైదానంలోకి దిగింది. మొదటి పది నిమిషాలు ఎవరికీ అనుమానం రాలేదు. ఆ తర్వాత మామూలు మలుపు దగ్గర కాలు కింద లేనట్టే కూలబడిపోయింది. ఈసారి లేవలేదు.

ఊళ్ళో కట్టు కట్టించారు. విరగని ఎముకకు కట్టు ఏం చేస్తుంది? చాలా ఏళ్ళకు ఎమ్మారై తీయిస్తే తేలింది: మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగిపోయింది, మృదులాస్థి అరిగిపోయింది. మొదటి రోజు తెగింది లిగమెంటు ఒక్కటేనని, రెండో రోజు ఆడటం వల్లే పక్కనున్న మృదులాస్థీ చిరిగి ఉంటుందని డాక్టరు అన్నారట. అప్పటికి ఆవిడకు ఇద్దరు పిల్లలు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేది.

ఎందుకు దాచిందో నాకు తెలుసు. ఏడాదికి ఒక్క అవకాశం, అది తప్పితే ఇంట్లో పెళ్ళి మాట. తెలుసు కాబట్టే నీ విషయంలో భయం. 2023-24లో తొలిసారి లీగ్‌ను ఇంటి మైదానంలో ఒకటి, ఎదుటివాళ్ళ ఊళ్ళో ఒకటిగా ఆడించారు. 2024-25లో 8 జట్లు, జట్టుకు 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలైతే ఏప్రిల్‌కు అయిపోయింది. ఇంత చిన్న సీజన్‌లో రెండు వారాలు బయట కూర్చుంటే చోటు పోతుందని అనిపిస్తుంది. జట్టు అట్టడుగున ఉంటే ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ: 2024లో విజేతగా నిలిచిన ఒడిశా ఎఫ్‌సీయే మరుసటి ఏడాది రెండో అంచెకు జారిపోయింది. అలాంటప్పుడు "ఈ ఒక్క మ్యాచ్ ఆడేయ్" అనేవాళ్ళు ఉంటారు. ప్రేమగానే అంటారు. నువ్వు తల ఊపకు.

మోకాలిలో చప్పుడు వినిపించినా, ఆట అయిన కొన్ని గంటల్లోపే వాపు వచ్చినా, నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టు అనిపించినా ఆ క్షణమే ఆట ఆపు. వెంటనే ఫిజియోకు చెప్పు, ఆ తర్వాత నాకు. ఈ లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ మైదానానికి తొమ్మిది నెలలైనా పడుతుంది. అంతకు ముందే పరుగులు తీయిస్తామనేవాళ్ళ మాట వినకు. తొమ్మిది నెలలు నీకు యుగంలా అనిపిస్తాయి. నీ వయసుకు అవి పెద్ద లెక్క కాదు.

దసరాకు వచ్చినప్పుడు కాలనీ పిల్లలతో ఆడావు చూడు, భోజనం చేసి నేరుగా వెళ్ళి, షిన్‌గార్డులు లేకుండా, ఒక్క నిమిషమైనా వార్మప్ లేకుండా. నేను మేడ మీద నుంచి చూశాను. పండగ పూట కదా అని ఊరుకున్నాను కానీ మనసులో మండిపోయాను. ఫోను చూసుకుంటూ కాళ్ళు చాపుకుని కూర్చోవడం వార్మప్ కాదమ్మా. ఫిఫా వైద్యులు తయారుచేసిన 11 ప్లస్ కసరత్తు ఇరవై నిమిషాల పని. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా, రెండు కాళ్ళ మీద మెత్తగా దిగడం అందులో నేర్పుతారు. తొడ వెనక కండరాలకు బలం వస్తుంది. క్లబ్బులో చేయిస్తే సరి, లేకపోతే అరగంట ముందే వెళ్ళి నువ్వే చేసుకో. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఇంకొకటి, సిగ్గుపడకుండా చదువు. నెలసరి తేదీలు రాసి పెట్టుకో. రక్తస్రావం ఎక్కువగా ఉండి కాళ్ళు లాగేస్తుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. మా కాలంలో ఇది నోరు విప్పి చెప్పుకునే దారే లేదు. అలసట అనుకుని ఎంతోమంది ఆట మానేశారు.

కాంట్రాక్టు చేతికిస్తే పొంగిపోయి అక్కడికక్కడే సంతకం పెట్టకు. లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2023లో సమాఖ్య ప్రకటించింది. ఆ పదిమందిలో నువ్వు ఉన్నావో లేదో అడుగు. అడగడం మర్యాద తక్కువ పని కాదు. జీతం కంటే ముందు చూడవలసింది మాత్రం వేరే ఉంది: గాయమైతే స్కాను, ఆపరేషను, ఆ తర్వాతి ఫిజియోథెరపీ ఖర్చు ఎవరిది? కోలుకునే నెలల్లో జీతం వస్తుందా? గాయం పేరు చెప్పి మధ్యలో తీసేయవచ్చా? నోటిమాటగా "మేము చూసుకుంటాం" అంటే చిరునవ్వుతో "కాగితం మీద రాయండి సార్" అను. నువ్వు అనలేకపోతే ఫోను నాకు ఇవ్వు, నేను అంటాను.

వరంగల్ అత్తకు నీ సంగతి చెప్పాను. ఆదివారం నీకు ఫోను చేస్తుంది. ఎడమ కాలితో లోపలికి తిరిగేటప్పుడు పాదం ఎలా వేయాలో చెబుతానంది, పెన్ను కాగితం దగ్గర పెట్టుకుని మాట్లాడు. కాంట్రాక్టు కాగితం ప్రతి పేజీ ఫోటో తీసి పంపించు, వెనక వైపు చిన్న అక్షరాలు కూడా. చదివి చెప్పేదాకా సంతకం వద్దు.

మీ అత్త